రసీదు పుస్తకమును, కత్తెరయును

నెల్లూరు జిల్లా కలిగిరి మండలములోని దూబగుంట గ్రామమున అక్షరాస్యతా తరగతులలో వాచకము చదువుకొనిన స్త్రీలు, చదివినదానిని పుస్తకములోనే మూసి ఇంటికి పోక, ఊరి సారా దుకాణమును మూయించి, 1992లో జిల్లాలోని సారా వేలముపాటలను జరుగనీయక అడ్డుకొని, 1993 అక్టోబరు 1వ తేదీన రాష్ట్రమంతటను సారా నిషేధము అమలులోనికి వచ్చువరకు పోరు సాగించిన వృత్తాంతమును ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములవారికి మరియొకరు చెప్పవలసిన పనిలేదు. ఆ పోరుకు ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మగారిని దేశము దూబగుంట రోశమ్మగానే ఎరుగును. అయితే ఆ పోరుపై 1996లో షబ్నం విర్మానీ అను దర్శకురాలు ‘వెన్ విమెన్ యునైట్’ అను డాక్యుమెంటరీ తీసిరనియు, పోరులో నిలిచిన పల్లె స్త్రీలే అందు తమ కథను తాము మరల నటించి చూపిరనియు చెప్పినచో మాత్రము ఈ సీమలో పలువురు ఆశ్చర్యపడుదురు. ఉద్యమమునకు దక్కిన కీర్తిలో నూరవ వంతైనను ఆ చిత్రమునకు ఇచ్చట దక్కలేదని నా అభిప్రాయము. తీసినవారు బయటినుండి వచ్చినవారు. వచ్చి, శ్రద్ధతో తీసిరి. అందులకు కృతజ్ఞులమై యుండవలసినదే. కాని ఇన్నేండ్లలో మనవారి చేతిమీదుగా అటువంటి పని ఏల జరుగలేదని అడుగుకొనుటలో తప్పులేదు.

కెమెరా లేకపోవుట దీనికి సమాధానము కాదు. నేడు ఆత్మకూరు బస్టాండులో నిలిచినవారిలో సగముమంది జేబులలో కెమెరా కలదు. విషయములకును కొరతలేదు. మూడువేల అడుగులకు పైబడిన కొండమీద ఉదయగిరి దుర్గమున్నది; 1514లో కృష్ణదేవరాయలు దానిని గజపతులనుండి గెలిచి, అచ్చటి బాలకృష్ణ విగ్రహమును హంపీకి కొనిపోయెను; ఆ విగ్రహము నేడు చెన్నపట్టణపు మ్యూజియములో నున్నది. దుర్గము క్రింది వీధులలో నర్ది, బిక్కి, దేవదారి వంటి కర్రలతో గరిటెలు, చెంచాలు చెక్కు ముస్లిము కుటుంబములున్నవి. వారి పనికి, అందును ముఖ్యముగా ఆ ఇండ్ల స్త్రీల పనికి, భౌగోళిక గుర్తింపు లభించినది. 78 టీఎంసీల సోమశిల జలాశయము ఆత్మకూరునకు దాపుననే యున్నది. దాని నీరు కండలేరు మీదుగా చెన్నపట్టణపు కొళాయిలవరకు పోవుచుండగా, ఉదయగిరి మెట్టలో ఫ్లోరైడు నీటి బాధ నేటికిని మాటలలో నలుగుచునే యున్నది. మన దేశమున ఎముకలను వంచు ఫ్లోరైడు వ్యాధిని వైద్యులు మొట్టమొదట శాస్త్రీయముగా వర్ణించి ప్రకటించినది 1937లో, ఆనాటి నెల్లూరు జిల్లాలోని రోగులను చూచియే యన్న సంగతి తలచుకొనినచో, ఈ ఒక్క విషయమే ఒక జీవితకాలమునకు సరిపడు చిత్రమని తోచును.

ఇన్నియుండియు చిత్రములు రావు. మొదలిడినవి సగములో నిలుచును. తీయుటకంటె ముగించుట ఖర్చు గల పనియని సామాన్యముగా ఎవరును ఎరుగకపోవుటయే దీనికి మూలము. రెండేండ్లు తిరిగి అరువది గంటల దృశ్యమును హార్డుడిస్కులలో నింపుకొనిన యువకుడు తన పని ముప్పాతిక వంతు అయినదనుకొనును. నిజమునకు అతడు గోడలు లేపి పైకప్పు వేయవలసిన గృహస్థు స్థితిలో నుండును. ఆ అరువది గంటలను ఒక గంటకు దించు ఎడిటరునకు నెలల తరబడి జీతమీయవలెను. కొండగాలిలో కొట్టుకొనిపోయిన మాటలను స్టూడియోలో శుభ్రము చేయించవలెను. పల్లెలో పట్టిన ధ్వని ఎంత పాడైయుండునో పట్టినవానికి స్టూడియోలో కూర్చుండువరకు తెలియదు. ఒక దినము ఎండలో, ఒక దినము ముసురులో తీసిన దృశ్యములకు రంగులు సరిచేయించవలెను. పాత వార్తాచిత్రమొకటి, దూరదర్శన్ భాండారములోని అరనిమిషపు దృశ్యమొకటి వాడుకొనవలెనన్నచో అనుమతియు, రుసుమును కావలెను. బాలకృష్ణ విగ్రహమును మ్యూజియములో చిత్రించుటకును అనుమతి వేడవలసినదే. ఉదయగిరి వీధులలోని ఉర్దూకు తెలుగులోను, మన మెట్టసీమ యాసకు ఇంగ్లీషులోను సబ్‌టైటిళ్లు వ్రాయవలెను. ఇవి ఆ యాస ఎరిగినవాడు వ్రాయనిచో నవ్వులపాలగును. పిమ్మట సెన్సారు సర్టిఫికెట్టు, థియేటరులో ఆడించుటకు తగిన డిజిటల్ ప్రతి. వీనిలో ఒక్కటియు పోస్టరుమీద కనబడునది కాదు, ఫొటో తీయించుకొనుటకు పనికివచ్చునది కాదు. అందుచేతనే దాతలకు వీనిమీద రుచి పుట్టదు. సత్యజిత్ రాయ్ వంటివాడే భార్య నగలు కుదువబెట్టియు చాలక ‘పథేర్ పాంచాలీ’ని నడుమ ఆపివేసి, పశ్చిమ వంగ ప్రభుత్వపు సొమ్ము చేతికందువరకు కాచుకొని కూర్చుండవలసివచ్చెను.

ప్రభుత్వము ఈయదు, నిర్మాత రాడు. ఇక మిగిలినది ప్రజ. నేడు దీనిని క్రౌడ్‌ఫండింగు అనుచున్నారు. పండుగకు పౌరాణిక నాటకమాడించుటకై ఇంటింట చందా పోగుచేసిన పల్లెలకు ఈ పద్ధతిలో క్రొత్తదేమియు లేదు; క్రొత్తదల్లా, చందా ఇచ్చువాడు ఊరివాడే కానవసరము లేకపోవుట. సినిమాకును ఇది యిప్పటి మాట కాదు. 1976లో శ్యామ్ బెనెగల్ తీసిన ‘మంథన్’కు గుజరాతులోని ఐదు లక్షలమంది పాడిరైతులు తలకు 2 రూపాయల చొప్పున పెట్టుబడి పెట్టిరి, చిత్రము విడుదలయైనప్పుడు తమ సినిమా చూచుటకు లారీలలో వచ్చిరి. ఈ కథను చెప్పునప్పుడెల్ల మనవారు కన్నులు చెమ్మగిల్లజేసికొందురు. నాకును ఆ చిత్రము ఇష్టమే. అయినను, ఆ రెండు రూపాయలను కూర్చినది పాల సహకార సమాఖ్యయే యనియు, చిత్రములో కీర్తింపబడినది ఆ సహకారోద్యమమే యనియు మరచిపోరాదు. చందా ఇచ్చినవాని ఘనతనే చిత్రము చెప్పినప్పుడు దర్శకునికి పరీక్ష ఎదురుకాదు.

దానికంటె నాకు కేరళలోని జాన్ అబ్రహాము పద్ధతి మనసున కెక్కినది. ఆయనయు, మిత్రులును ఒడెస్సా అను పేర ఒక బృందముగా నేర్పడి, ఊరూర చార్లీ చాప్లిన్ ‘ది కిడ్’ను చూపి, చూచినవారియొద్ద చిల్లర పోగుచేసి 1986లో ‘అమ్మ అరియాన్’ను పూర్తిచేసిరి. ఇచ్చినవాడు ఆ రాత్రి ఒక మంచి సినిమా చూచెను. రానున్న సినిమాలో తన్నెవరో పొగడుదురను ఆశ వానికి లేదు. ఇటీవలి కాలములో కన్నడమున పవన్ కుమార్ ‘లూసియా’ను 2013లోను, తెలుగున ఫణీంద్ర నర్సెట్టి ‘మను’ను 2018లోను ప్రేక్షకుల సొమ్ముతోనే తెరకెక్కించిరి. అవి కథాచిత్రములు, వానికి టిక్కెట్టు అమ్ముకొను దారి కలదు. డాక్యుమెంటరీకి ఆ దారియు ఇరుకే.

డాక్యుమెంటరీల సంగతికి వచ్చినచో, ఆమ్ ఆద్మీ పార్టీ పుట్టుకపై ఖుష్బూ రాంకా, వినయ్ శుక్లా తీసిన ‘యాన్ ఇన్‌సిగ్నిఫికెంట్ మ్యాన్’ చరిత్ర ప్రతి యువదర్శకుడును చదువదగినది. వారు అంతర్జాలమున 20 వేల డాలర్లు అడుగగా 1,20,000 డాలర్లవరకు వచ్చినది. సొమ్ము వచ్చెను, చిత్రము ముగిసెను, 2016లో టొరంటో ఉత్సవమునకు పోయెను. కాని మన సెన్సారు బోర్డు ప్రధానమంత్రినుండియు, అందు కనబడు ఇతర నాయకులనుండియు నిరభ్యంతర పత్రములు తెమ్మని కూర్చుండెను. అప్పీలు ట్రైబ్యునలు కలుగజేసికొనగా 2017 నవంబరులో చిత్రము థియేటరులకు వచ్చినది. ఆ ట్రైబ్యునలును 2021లో ఎత్తివేసిరి. నేడు అట్టి చిక్కు వచ్చినచో హైకోర్టు మెట్లెక్కుటయే గతి. కనుక ముగింపు ఖర్చులో వకీలు ఫీజు పద్దును కూడ చేర్చుకొనుట పిరికితనము కాదు. సోమశిల నీటిమీదనో, మన నియోజకవర్గ రాజకీయముమీదనో నోరు విప్పదలచిన చిత్రమునకు అది తప్పనిసరి.

నేను చెప్పదలచినది యిది: చందా అడుగవలసినది చిత్రపు ఆరంభమున కాదు, చివర. ఊహమీద సొమ్మడుగువాడు మాటలమీద సొమ్మడుగుచున్నాడు. తీయవలసినదంతయు తనకున్నంతలో తీసి, అందుండి పది నిమిషములు కూర్చి చూపి, ‘ఇంతవరకు నా పని, ఇది ముగియుటకు ఎడిటింగునకు ఇంత, ధ్వనికి ఇంత, సర్టిఫికెట్టునకు ఇంత’ అని పద్దులతో సహా అడిగినచో ఇచ్చువాడు దేనికిచ్చుచున్నాడో ఎరిగి యిచ్చును. కిక్‌స్టార్టర్ వంటి వేదికలలో, అడిగిన మొత్తము గడువులోపల నిండనిచో ఎవరి డబ్బు వారికే నిలుచును. ఆ నియమము కఠినముగా దోచినను, సగము సొమ్ముతో సగము చిత్రమును తీసి చేతులెత్తివేయుటకంటె మేలైనది. వేదికవారు తమ వంతుగా నూటికి ఐదో, అంతకు మించియో పట్టుకొందురన్నది కూడ ముందే లెక్కలో వేసికొనవలెను.

ఇక చట్టము. లాభములో వాటా ఇత్తునని నలుగురిలో చాటి వందలమందియొద్ద పెట్టుబడి గైకొనుట మన కంపెనీ చట్టముతో చెలగాటమే. చందాకు బదులుగా చిత్రాంతమున పేరు, ఒక ప్రతి, తొలి ఆటకు పిలుపు, ఇంతవరకే పోవలెను. విదేశముల సొమ్ము విషయమున మరియొక విచిత్రము కలదు. ఉదయగిరినుండి కువైట్టునకు పోయి కారు నడుపుకొను మనవాడు భారత పౌరుడే గనుక, తన జీతములో దాచినది బ్యాంకు ద్వారా పంపినచో అది 2010 నాటి విదేశీ విరాళముల చట్టము క్రింద విదేశీ సొమ్ము కాదు. అమెరికాలో స్థిరపడి అచ్చటి పౌరసత్వము పుచ్చుకొనిన డాక్టరుగారు, మనసెంత నెల్లూరుదైనను, ఆ చట్టము దృష్టిలో విదేశీయులే. వారి విరాళమును అనుమతిలేక గైకొనినచో చిక్కు దర్శకునికే. లక్షలీయగలవారినుండి పుచ్చుకొనరాదు, వేలీయగలవారినుండి పుచ్చుకొనవచ్చును. ఒక విధముగా ఇది మేలేయని నాకు తోచును. కాని ఆడిటరునడుగక అడుగు వేయరాదు.

మేలని ఏలయనుచున్నాననగా, చందాతో వచ్చు అసలు ప్రమాదము చిన్న మొత్తములలో లేదు. నూరు రూపాయలిచ్చినవాడు దర్శకునికి ఫోను చేసి ఫలానా దృశ్యము తీసివేయుమనడు. అన్నను వినవలసిన పనిలేదు. రెండు లక్షలిచ్చిన కాంట్రాక్టరుగారు అనరు కూడ. ఎడిటింగు గదిలో కత్తెర పట్టినవానికి ఆయన ముఖము తనంతట తానే కనబడును. కావున ఒక మనిషినుండి గైకొను మొత్తమునకు పరిమితి పెట్టుకొనవలెను. ఆ పరిమితిని బహిరంగముగా ప్రకటింపవలెను. ఇచ్చినవారికి లెక్క అడుగు హక్కు పూర్తిగా నుండవలెను, కత్తెరమీద హక్కు ఇసుమంతయు ఉండరాదు. నెలకొకసారి వచ్చినదెంత, పోయినదెంత, చిత్రమెంతవరకు వచ్చినదని వ్రాసి పంపుట దర్శకునికి చికాకు పనియే. సొమ్ము చేతబడిన పిమ్మట మౌనము వహించు దర్శకునివలన తరువాతివానికి రసీదు పుస్తకము తెరచు అవకాశముండదు. ఆలస్యమును జనము మన్నింతురు; ఆనంద్ పట్వర్ధన్ ‘జై భీమ్ కామ్రేడ్’ను 14 ఏండ్లు తీసెను. సమాధానమీయకపోవుటను మన్నింపరు.

ఉదయగిరి కొయ్య గరిటెలపై చిత్రమొకటి ఇట్లు ముగింపుకు వచ్చినదనుకొందము. గరిటెలు చెక్కువారియొద్ద చందా అడుగరాదు. వారు తమ దినములనే ఇచ్చియున్నారు, పని ఆపి కెమెరా ముందు కూర్చుండిన ప్రతి పూటయు వారికి కూలి నష్టమే. తొలి ఆట హైదరాబాదు ప్రివ్యూ థియేటరులో కాక వారి వీధిలోనే, రెండవది ఆత్మకూరులో జరుగవలెను. ప్రొజెక్టరు, తెర, మైకు బాడుగలు బడ్జెటులో మొదటి పద్దుగా నుండవలెను, ఏలయన చివరి పద్దులో వ్రాసినది ఎప్పుడును ఖర్చుకాదు. ఆటకు ముందు లెక్కలు పైకి చదువవలెను. చిత్రము ఏ టీవీవారికో, ఓటీటీవారికో అమ్ముడుపోయి నాలుగు రూపాయలు వచ్చినచో, చందాదారులకు అందులో వాటా లేదు గనుక, గరిటెలు చెక్కువారికి ఎంత పోవలెనో మొదటి రసీదు చింపకముందే కాగితముమీద వ్రాసి పెట్టుకొనుట మంచిది. తరువాత చూతమన్నచో, అప్పటికి దర్శకుని కన్నులకు రెండవ చిత్రపు ఖర్చు కనబడుచుండును.