తళ్ళికోటలో దొరకని యుద్ధభూమి

తళ్ళికోట యుద్ధభూమిని చూచి వచ్చితిమని చెప్పుకొను పెద్దలు మనలో పెక్కురు కలరు. వారు చూచినది పట్టణమే గాని యుద్ధభూమి కాదు. 1565 జనవరిలో విజయనగరమును కూలద్రోసిన పోరు అచట జరుగలేదు. సుల్తానుల సేనలు కూడుకొన్న చోటు గనుక ఆ పేరు నిలిచినది. పోరు దానికి దక్షిణముగా ఎన్నో మైళ్ళ దూరమున, కృష్ణాతీరపు రక్కసగి, తంగడిగి గ్రామముల ప్రాంతమున జరిగెనందురు. ఏ పొలమున నన్నది పండితులు నేటికిని తేల్చుకొనలేదు.

మన సంఘముల యాత్రలెట్లు సాగుచున్నవి? బస్సు హంపికి పోవును. కూలికి కుదిరిన మార్గదర్శి అరగంటలో సామ్రాజ్యమును లేపి, ద్రోహకథతో పడగొట్టును. హుస్సేన్ నిజాంషా ఫిరంగుల మాటయే యెత్తడు. మనము ఫొటో తీయించుకొని, రాత్రి సభలో పూర్వవైభవమును గూర్చి ఉపన్యసింతుము. దీనిని చరిత్ర దర్శనమనుట ఆత్మవంచన.

యుద్ధభూమిలో గోపురములుండవు. జొన్నచేలు, నల్లరేగడి, నది మాత్రమే యుండును. 1565లో గెలుపోటములు మొదట ఒక రేవుపై ఆధారపడినవి. రామరాయల సైన్యము రేవును కాచి నిలువగా, సుల్తానులు వేరొక దాటును వెదకువారివలె ఒడ్డు వెంబడి నడచిరి. కాపలా సేన రేవు విడిచి వారి వెంట కదలెను. వారు వెనుదిరిగి, విడిచిన రేవుననే నదిని దాటిరి. ఈ యెత్తు పుస్తకమున చదివిన బోధపడదు. ఏ నెలలో నీరెంత లోతో, బండ్లు ఎచట దిగునో ఎరిగిన ఆ తీరపు రైతు చూపిన బోధపడును. నారాయణపుర ఆనకట్ట వెనుకనీటితో నదీరూపము మారినది. పాత రేవులను కాలినడకను దాటిన వృద్ధులు మనకొరకు వేచియుండరు.

“మన చరిత్రను కన్నడ రైతు మనకు చెప్పుటయా?” అని కొందరు కినుక వహింతురు. ఎవరి చరిత్ర? రామరాయలపై కత్తి దూసిన గోలకొండ ఇబ్రహీం కుతుబ్‌షా అంతకుముందు ఏడేండ్లు రామరాయల చెంతనే ఆశ్రయము పొందినవాడు. తెలుగు కవులు మల్కిభరాముడని కీర్తించినదియు ఆయననే. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును అంకితమిచ్చినది ఆయనకే. రామరాయల సేనలోను ముస్లిం సరదారులుండిరి. ఆ పొలమున తెలుగు ఇరువైపుల నిలిచినది. ఈ సత్యము సభావేదికకు రుచింపదు గాని నేలకు తెలియును.

అయితే మనము వినుటకే పుట్టినవారము కాము. 1520లో కృష్ణదేవరాయలు జయించిన రాయచూరు కోట గోడలో, నలుబది అడుగులకు మించిన ఏకశిలపై 1294 నాటి తెలుగు శాసనమున్నది. గోన గన్నారెడ్డి యానతిపై విఠలుడు ఆ కోట కట్టించెనని అది చెప్పును. ఆ రాతిని బండిపై లాగుకొని వచ్చిన చిత్రమును ప్రక్కనే చెక్కిరి. అచట చదివి చెప్పవలసినవారము మనము. మన పిల్లలకో, నేటి తెలుగు అక్షరములే రావు!

కావున సంఘములకు నా మనవి ఇది. వచ్చు యాత్రలో ఉపన్యాసములు మానుడు. తీరగ్రామపు పెద్దను ముందు నడువనిచ్చి, మౌనముగా వినుడు. పిదప రాయచూరికి పోయి, ఆ పెద్దకు శాసనము చదివి వినిపింపగల బిడ్డ నొక్కని మీ బస్సులో వెదకుడు. దొరకనిచో, మనము గోలుపోయిన కోట ఏదో అప్పుడు తెలియును.