రాజీ కుదర్చడమూ ఒక విద్యే

న్యాయ కళాశాలల్లో వాదనా పోటీలతో పాటు సంప్రదింపులు, మధ్యవర్తిత్వం, ఆర్బిట్రేషన్ పోటీలూ జరుగుతున్నాయి. మధ్యవర్తిత్వ పోటీలో గొంతు పెంచినవారికి మార్కులు రావు. ఎదుటివారికి నిజంగా కావలసినదేమిటో రాబట్టినవారికే వస్తాయి. మన పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, ఇందులో పాల్గొనాలి.

భార్యాభర్తల తగాదాలో ఇరు కుటుంబాల నుంచి చెరొక మధ్యవర్తిని నియమించమని దివ్య ఖురాన్ (4:35) ఆదేశిస్తున్నది. తలాక్‌కు ముందు అటువంటి ప్రయత్నం జరిగి తీరాలని 2002లో షమీమ్ ఆరా కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయినా మన మొహల్లా పంచాయితీల్లో చాలాచోట్ల కూర్చునేది మగపెద్దలే. అమ్మాయి గోడు ఆమె తండ్రి నోటనే వింటారు. ఆమెను విడిగా కూర్చోబెట్టి అడిగేవారేరీ? ఆ పోటీల్లో విద్యార్థి అభ్యసించేది సరిగ్గా అదే: ఇరుపక్షాలనూ విడివిడిగా వినడం, అనుమతి లేనిదే ఒకరి మాట మరొకరికి చేరవేయకపోవడం.

2023 నాటి మధ్యవర్తిత్వ చట్టం ఉభయుల సమ్మతితో ముగ్గురు సభ్యుల సాముదాయిక మధ్యవర్తిత్వానికి చోటిచ్చింది. అయితే ఆ ఒప్పందానికి కోర్టు డిక్రీకున్న బలం లేదు. హింస జరిగిన ఇంట రాజీ మాటే ఎత్తరాదు. అక్కడ దారి న్యాయస్థానమే.

మస్జిద్ కమిటీలు లా చదివే మన అమ్మాయిల పోటీ రుసుము, ప్రయాణ ఖర్చు భరించాలి. తిరిగి వచ్చాక పంచాయితీలో వారికొక కుర్చీ వేయాలి.