గాయకుడి నిజాయితీకి తూకం

గాయకుడి గుణగణాల మీద శ్రోతలు చెప్పే తీర్పుకు మొదటి సాక్షి అతని గొంతే. ఆర్తిగా పాడేవాడు మంచివాడై ఉంటాడని, మెత్తగా మాట్లాడేవాడు అబద్ధమాడడని జనం ఇట్టే నమ్మేస్తారు. తన పాటలను అనుమతి లేకుండా కచేరీల్లో పాడొద్దంటూ 2017లో ఇళయరాజా లాయరు నోటీసు పంపితే, తెలుగు శ్రోతల మనసు దాన్ని అందుకున్న గాయకుడు బాలసుబ్రహ్మణ్యం వైపే మొగ్గింది. కాపీరైటు చట్టం తిరగేసి చూసిన అభిమాని అరుదు. ‘పాడుతా తీయగా’లో పిల్లల తప్పులను లాలనగా దిద్దిన మనిషి ఒకవైపు, ముక్కుసూటి మనిషిగా పేరుపడ్డ సంగీత దర్శకుడు మరోవైపు. ఇక విచారణ దేనికి?

పల్లెలో లెక్క వేరు. జనగామ జిల్లా చిల్పూర్ చుట్టుపక్కల ఒగ్గు కథ చెప్పేవాళ్లు జనానికి ముఖపరిచయం ఉన్నవాళ్లే. బయానా తీసుకున్నాక చెప్పిన రోజుకు వస్తాడా, కథను తెల్లారేదాకా నడుపుతాడా, నడుమనే చుట్టేస్తాడా అన్నది ఊళ్లో అందరికీ ఎరుకే. ఇదే జిల్లా మాణిక్యాపురం నుంచి జాతీయ గుర్తింపు దాకా వెళ్లిన చుక్క సత్తయ్య కూడా ముందు ఇలాంటి ఊళ్ల మెప్పు పొందాల్సిన కళాకారుడే. మనిషి కళ్ల ముందు ఉన్నచోట ఊహకు పనిలేదు.

ఉద్యమ గాయకుడి సంగతి అన్నిటికన్నా కష్టం. అతని పాటను జనం ఇచ్చిన మాటగా లెక్కిస్తారు, మాట తప్పాడా అని కాపు కాస్తారు. గద్దర్‌కు జరిగింది అదే. 1997 ఏప్రిల్ 6న తన మీద జరిగిన కాల్పుల తర్వాత ఒక తూటా చివరిదాకా ఆయన ఒంట్లోనే ఉండిపోయింది. అలాంటి మనిషి 2017లో పాలకుర్తి సోమేశ్వరాలయంలో పూజలు చేశారు. 2018లో మొదటిసారి ఓటు వేశారు. 2023 జూలైలో ఖమ్మం సభ వేదిక మీద రాహుల్ గాంధీని ఆలింగనం చేసుకున్నారు. విప్లవాన్ని అమ్ముకున్నాడన్నారు కొందరు. జనం ఎక్కడుంటే అక్కడికే వెళ్లాడన్నారు మరికొందరు. రెండు వర్గాలూ కొలిచింది అభిప్రాయాన్నే. అభిప్రాయం మారడం మోసం కాదు, మారిందని దాచిపెట్టడం మోసం. గద్దర్ గుడికి వెళ్లినా, ఓటు వేసినా నలుగురి ఎదుటే చేశారు.

రుజువుకు నిలిచే విషయాలు వేరే ఉన్నాయి. పాట ఎవరిది, డబ్బు ఎవరికి ముట్టింది, ఏది కాదనుకున్నారు అన్నవి అలాంటివి. ‘మా భూమి’ సినిమాలో గద్దర్ పాడిన ‘బండెనక బండి కట్టి’ సాయుధ పోరాట కాలపు బండి యాదగిరి పాట. దాన్ని గద్దర్ రచనగా చెప్పుకునే అభిమానులు ఇప్పటికీ ఉన్నారు. ఆ పొరపాటు అభిమానుల ఖాతాలోది. 1995 నాటి ‘ఒరేయ్ రిక్షా’ సినిమా పాటకు వచ్చిన నంది అవార్డును మాత్రం ఆయన కాదన్నారు. తెలంగాణ ప్రభుత్వం తన సినిమా పురస్కారాలకు ఇప్పుడు గద్దర్ పేరే పెట్టింది; 2025 జూన్‌లో హైదరాబాద్‌లో వాటిని తొలిసారి ప్రదానం చేసింది.