సగటు లెక్కలు - పేదవాని గుడిసె

ఒకని యొద్ద నూరు రూపాయలుండి, వేఱొకని చేత దమ్మిడీ లేనపుడు, ఇరువురికిని సగటున ఏబదేసి రూపాయలున్నవనుట గణితమున తప్పు కాదు. పరిపాలనమున మాత్రము అది మహాపరాధము.

ప్రాంతీయాసమానతలను శాస్త్రీయముగ విచారించిన తెలుగు ఆర్థికవేత్తలలో ఆచార్య సి. హెచ్. హనుమంతరావుగారు ముఖ్యులు. ప్రణాళికాసంఘ సభ్యులుగా నుండిన వారు 2010లో ప్రకటించిన గ్రంథమున ప్రాంతీయ వ్యత్యాసములను, చిన్న రాష్ట్రములను, తెలంగాణ రాష్ట్రత్వమును కలిపి చర్చించిరి. ఆ సంవత్సరము డిసెంబరులో శ్రీకృష్ణసంఘము సమర్పించిన నివేదికయు తెలంగాణపు లెక్కలను హైదరాబాదుతో కలిపియు, విడదీసియు చూపినది. నగరసంపద కలిసినచో పల్లెల లేమి కానరాకపోవునని పాఠకులకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

2014 జూన్ 2న రాష్ట్రమవతరించినది. నాడు ఇతరులను కొలువుమని మనము కోరిన కొలబద్దతోనే నేడు మన యింటిని కొలుచుకొనవలదా? 2016లో మహబూబాబాదు జిల్లా యేర్పడి, పెద్దవంగర మండలకేంద్రమైనది. కచేరి చేరువైనది, సంతోషము. కాని రాష్ట్రపు సగటు జిల్లాను, జిల్లా సగటు మండలమును, మండలపు సగటు తండాను కప్పివేయుచునే యున్నవి.

పేదఱికమును తిండిగింజలతో మాత్రమే కొలుచుట చాలదు. నీతి ఆయోగు 2021లో ప్రకటించిన బహుముఖ పేదఱికపు సూచికలోని పండ్రెండు అంశములలో నివాసగృహ మొకటి. వానకు కురియని కప్పు ఆరోగ్యమునకు, పిల్లల చదువునకు, ఆఁడువారి గౌరవమునకు ఆధారము.

2024 మార్చిలో ఆరంభమైన ఇందిరమ్మ యిండ్ల పథకము ఇంటికి 5 లక్షల రూపాయల సాయమును నిర్ణయించినది. ఉద్దేశము స్తుత్యమే. కాని తొలి విడత సొంతస్థలము గలవారికే. సొమ్మును పని సాగిన కొలఁది వాయిదాలుగా చెల్లింతురు. మొదటి వాయిదా పునాది లేచిన పిమ్మటనే. ఆ పునాదికి పెట్టుబడి యెక్కడిది? కూలివాఁడు వడ్డీవ్యాపారి గడప త్రొక్కవలసినదేనా? అడుగు జాగా లేని నిరుపేద తన వంతు వచ్చువఱకు ఎన్ని వానకాలములు వేచియుండవలెను?

కావున మా సూచన యిది. గ్రామగ్రామమున స్థలము లేనివారి జాబితాను గ్రామసభలో బహిరంగముగ చదువవలెను. వారికే ముందుగ నివేశనస్థలములీయవలెను. పునాది ఖర్చును సహకారసంఘములు వడ్డీలేని బదులుగా సమకూర్పవలెను. భూవసతి గలవారు ఊరికి చేరువనున్న కొలఁది కుంటలను విడిచినచో వారికి కలుగు నష్టము స్వల్పము. ఊరికి కలుగు మేలు అనల్పము.

పెద్దవంగరకు పొరుగుసీమయగు కడవెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగెను. దొరల గడీలు కూలినంత మాత్రమున ఆ ఋణము తీరలేదు. పేదవాని గోడ నిలిచిననాఁడే అది తీరునని మేము విశ్వసించుచున్నాము.