దండ వేసి పక్కన పెట్టారు

వాండా లాండోవ్‌స్కా గురించి ఎక్కడ చదివినా ఒక మాట తగులుతుంది: హార్ప్‌సికార్డ్ పూజారిణి. పొగడ్తే. నా గొడవంతా ఆ పొగడ్తతోనే.

ముందు ఆ వాయిద్యం సంగతి చెప్పాలి. పియానో మెట్టు నొక్కితే చిన్న సుత్తి తీగను కొడుతుంది. హార్ప్‌సికార్డ్‌లో ఈకముల్లు తీగను మీటుతుంది. బాఖ్ కాలంలో ఇళ్లలో, కొలువుల్లో మోగిన ఈ వాయిద్యం పందొమ్మిదో శతాబ్దంలో చాలావరకు మ్యూజియాలకు చేరింది. పియానో వచ్చాక ఇక దీంతో పనేముంది, బాఖ్ బతికుంటే తనూ పియానోనే కోరుకునేవాడు అన్నారు పెద్దలు.

1879లో వార్సాలో పుట్టి 1900లో పారిస్ చేరిన లాండోవ్‌స్కా ఈ తీర్పు ఒప్పుకోలేదు. 1903లో కచేరీలో హార్ప్‌సికార్డ్ వాయించింది. మ్యూజియాల్లో పాత వాయిద్యాలను పరిశీలించింది, పాత గ్రంథాలు తిరగేసింది. భర్త ఆన్రీ లెవ్ సాయంతో 1909లో 'ప్రాచీన సంగీతం' అనే పుస్తకం తెచ్చింది. సంగీతం కాలంతోపాటు మెరుగవుతూ వస్తుందన్న నమ్మకాన్నే అందులో ప్రశ్నించింది. పాత సంగీతం కొత్తదానికి పసితనం కాదనీ, దాన్ని దాని సొంత వాయిద్యం మీదే వినాలనీ వాదించింది.

పూజారి ఏం చేస్తాడు? ముందే ఉన్న మంత్రం చదువుతాడు. ఈమె చేసింది తర్కం, పరిశోధన. అవే పనులు మగవాడు చేస్తే పండితుడు, ఆడది చేస్తే ఉపాసకురాలు! పూజారిణితో వాదించనక్కర్లేదు. దణ్ణం పెట్టి వెళ్లిపోవచ్చు.

ఆ వేషాన్ని ఆమె కూడా వాడుకుంది కదా అనొచ్చు. నిజమే. మసక వెలుతురు, వెల్వెట్ దుస్తులు, వేదిక మీదకి మెల్లగా నడిచి రావడం ఆమె ఎంచుకున్నవే. పియానోతో పోలిస్తే చిన్న గొంతున్న వాయిద్యాన్ని పెద్ద హాలు చెవి ఒగ్గి వినాలంటే ముందు ఆ హాలుని నిశ్శబ్దం చేయాలి. అది ఆమె పనితనం. దాన్నే ఆమె మొత్తం వ్యక్తిత్వంగా రాసుకున్నది మాత్రం ఇతరులు.

తర్వాతి తరం ఇంకో ముద్ర వేసింది. 1912లో ప్లేయెల్ కంపెనీ ఆమె కోరిక మేరకు పెడల్స్‌తో, ఒక స్థాయి కింద పలికే అదనపు తీగల వరసతో పెద్ద హార్ప్‌సికార్డ్ చేసింది. 1949లో బోస్టన్‌లో హబర్డ్, డౌడ్ కలిసి పాత నమూనాలను అనుసరించి వాయిద్యాలు చేయడం మొదలుపెట్టారు. ఆ దారి బలపడ్డాక ఆమె వాయిద్యం నకిలీదైపోయింది. నాదం విషయంలో ఆ విమర్శ న్యాయమైనదే. కానీ పాత సంగీతాన్ని పాత వాయిద్యం మీదే వినాలన్న పట్టుదలకి ఆమె అంత బలం ఇవ్వకపోతే ఆమెను తప్పుపట్టే కొలబద్ద వాళ్ల చేతికి అంత తేలిగ్గా దొరికేదా? ముందు పూజారిణి, తర్వాత పొరపాటు. ఈ రెండింటి మధ్య ఆలోచనాపరురాలు ఎక్కడ?

ఆమె చేసిన పని చూడండి. 1913లో బెర్లిన్‌లో హార్ప్‌సికార్డ్ తరగతి. 1925లో పారిస్ దగ్గర సాన్-లూలో సొంత పాఠశాల. 1926లో ఫాయా, 1929లో పూలాంక్ ఆమె కోసం రాసిన కచేరీ రచనల తొలి ప్రదర్శనలు. 1933లో బాఖ్ 'గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్' రికార్డు. 1940లో నాజీ సైన్యం వస్తుంటే యూదు కుటుంబంలో పుట్టిన ఆమె ఇల్లు విడిచి పారిపోవాల్సొచ్చింది. వాయిద్యాలు, వేల పుస్తకాలు దోచుకుపోయారు. 1941 డిసెంబరు 7న న్యూయార్క్‌లో దిగింది. రెండున్నర నెలలకే అక్కడి టౌన్ హాల్లో అవే 'వేరియేషన్స్' వాయించింది. అప్పటికి ఆమెకు అరవై రెండేళ్లు. డెబ్బై ఏళ్ల వయసులో బాఖ్ 'వెల్-టెంపర్డ్ క్లావియర్' రికార్డు చేయడం మొదలుపెట్టి 1954లో ముగించింది. 1959లో చనిపోయింది.

1964లో ఆమె రాతల్ని సంపుటిగా తేవడానికి కష్టపడింది ఆమె శిష్యురాలు, సహచరి దెనీజ్ రెస్తూ. ఆ పనిని కూడా గురుభక్తి అనేస్తే చాలు, సంపాదకత్వం మాయమైపోతుంది.

మనమూ ఇందులో నిర్దోషులం కాము. ఏ గాయని మీదో, రచయిత్రి మీదో వ్యాసం రాసేటప్పుడు తపస్సు, ఆరాధన, అంకితభావం అని ఎన్నిసార్లు రాశామో లెక్కపెట్టుకుందాం. ఆమె ఏం వాదించింది, ఎవరితో విభేదించింది, ఎక్కడ పొరబడింది అని ఎన్నిసార్లు రాశాం? పొరబడే హక్కు కూడా ఆలోచించే మనిషికే ఉంటుంది. లాండోవ్‌స్కాకి ఆ హక్కు ఇద్దాం. ఆ దండ తీసి, ఆమె పుస్తకం తెరిచి, ఆమెతో వాదిద్దాం.