మూడో వారంలో ఎరుపెక్కే కన్ను

శుక్లం ఆపరేషన్ అయిన మర్నాడు కట్టు విప్పుతారు. నల్ల కళ్ళద్దాలిచ్చి ఇంటికి పంపుతారు. శిబిరం లెక్కల్లో ఆమె అక్కడితో ‘విజయవంతం’. కానీ ఫంగస్, అంటే బూజు జాతి సూక్ష్మజీవి, అంత తొందరపడదు. బాక్టీరియా అయితే సాధారణంగా వారంలోపే నొప్పి, చీముతో బయటపడుతుంది. ఫంగస్ తరచు రెండు మూడు వారాలకో, ఇంకా ఆలస్యంగానో, కాస్త ఎరుపుగా, కాస్త మసకగా మొదలవుతుంది. నొప్పి పెద్దగా ఉండకపోవచ్చు కూడా.

అప్పుడు ఆమె మాట ఎవరు వింటారు? ‘పొయ్యి దగ్గర కూర్చున్నావు, కన్ను నలిపావు’ అని ఇంట్లోనూ ఆస్పత్రిలోనూ ఒకటే నింద. ఆపరేషన్ తర్వాత మామూలుగా వచ్చే వాపే అనుకుని స్టెరాయిడ్ చుక్కలు పెంచుతారు. (మొదట్లో రెండూ ఒకేలా ఉంటాయి, నిజమే.) ఎరుపు కొన్నాళ్ళు తగ్గినట్టే ఉంటుంది, లోపల ఫంగస్ మాత్రం పెరుగుతుంది.

తేల్చుకునే దారి లేకపోలేదు. కంటి లోపలి ద్రవాన్ని సూదితో కొద్దిగా తీసి మైక్రోస్కోపు కింద చూస్తే ఫంగస్ పోగులు ఒక్కోసారి అదే రోజు కనిపిస్తాయి. కల్చర్‌కు రెండు వారాలు పట్టవచ్చు. అయితే ఈ పరీక్ష ల్యాబు ఉన్న పెద్ద కంటి ఆస్పత్రిలోనే జరుగుతుంది. ఇంట్లో మగవాడి కంటికి దొరికే బస్సు ఛార్జీ, తోడు, ముసలమ్మ కంటికి దొరుకుతాయా?

1986లో ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జా శిబిరంలో శుక్లం ఆపరేషన్ చేయించుకున్న 88 మందిలో 84 మందికి ఆ కంటి చూపు పోయింది. సుప్రీంకోర్టు 1989లో తీర్పిచ్చింది. అందరికీ ఒకేసారి పోయాయి గనక లోకానికి తెలిసింది. ఫంగస్ అలా కాదు. ఒక్కొక్కరికి ఒక్కో వారం, ఒక్కో ఊళ్ళో బయటపడుతుంది. 2020లో దక్షిణ కొరియాలో ఆపరేషన్‌లో వాడే జిగురు మందు కలుషితమై రెండు వందల మందికి పైగా ఫంగస్ సోకింది. కేసులన్నీ ఒకచోట పెట్టి చూశారు కాబట్టే కారణం దొరికింది. మన శిబిరాల్లో అలా కలిపి చూసేదెవరు?

ఆ పని మన సంఘాలు మొదలుపెట్టవచ్చు. మొదటి చుక్కలకు తగ్గని కన్నును, స్టెరాయిడ్ పెంచే ముందు పరీక్షకు ఎందుకు పంపలేదని అడగాలి. 2002 నాటి వైద్య మండలి నియమాల ప్రకారం రోగి గానీ, ఆమె తరఫు అధీకృత మనిషి గానీ అడిగితే 72 గంటల్లో రికార్డులివ్వాలి. దరఖాస్తు రాయించండి. వాడిన లెన్సు, మందుల బ్యాచి నంబర్లు అందులో ఉన్నాయేమో చూడండి. పక్క ఊరి ఆమె కాగితాలు కూడా తెప్పించి పక్కన పెట్టండి.