పొగ నోటీసు కాదు, నీటి నోటీసు కావాలి

వానలు మొదలయ్యాయంటే చాలు, పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్ సముదాయాలలో లిఫ్టు పక్కన ఒక నోటీసు వెలుస్తుంది. "ఈ సాయంత్రం దోమల నివారణకై ఫాగింగ్ జరుగును. నివాసులందరూ తలుపులు, కిటికీలు మూసుకొని సహకరించవలెను." దానితో కమిటీవారు తమ బాధ్యత తీరినదనుకుంటారు. నివాసులు తాము కట్టిన మెయింటెనెన్స్ సద్వినియోగమైనదని తృప్తి పడతారు. వైద్యునిగా నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను: ఆ నోటీసు ఆరోగ్యరక్షణ కాదు, ఆరోగ్యరక్షణ జరుగుతున్నదన్న భ్రమ మాత్రమే. డెంగీ విషయంలో ఈ భ్రమ ప్రాణాంతకం కూడా కావచ్చును.

డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమ పగటిపూట కుడుతుంది. తక్కిన సమయంలో మంచాల కింద, కర్టెన్ల వెనుక, కొక్కేలకు వేలాడే బట్టల మాటున విశ్రమిస్తుంది. ఫాగింగ్ పొగ గాలిలో ఎగిరే దోమలకు తగిలితేనే పనిచేస్తుంది. గుడ్లను, నీటిలోని పిల్ల పురుగులను అది ఏమీ చేయదు. నోటీసును పాటించి మనం కిటికీలు బిగించుకుంటాము. అంటే పొగను బయట ఉంచి, దోమను లోపల భద్రంగా దాచుకుంటున్నామన్నమాట! డీజిల్‌లోనో కిరోసిన్‌లోనో కలిపిన ఆ మందు పొగ ఆస్తమా రోగులను ఇబ్బంది పెట్టడం మాత్రం ఖాయం.

ఫాగింగ్ పూర్తిగా నిరర్థకమని నేను అనడం లేదు. వ్యాధి ప్రబలినప్పుడు, వైరస్‌ను మోస్తున్న దోమలను తక్షణం తగ్గించడానికి అదొక అత్యవసర సాధనం. కానీ దోమల పుట్టుకను ఆపకుండా పొగ మీదనే ఆధారపడితే, వారం తిరిగేసరికి కొత్త తరం రెక్కలు విప్పుకొని సిద్ధంగా ఉంటుంది.

రెండవ భ్రమ, తప్పంతా బయటి మురుగు కాలువదేనన్నది. మురుగునీటిలో పెరిగేది ప్రధానంగా క్యూలెక్స్ దోమ. ఏడిస్‌కు కావలసినది నిలవ ఉన్న, దాదాపు శుభ్రమైన నీరు. అది సాధారణంగా పుట్టిన చోటు నుండి కొన్ని వందల మీటర్లకు మించి పోదు. అందుచేత మిమ్మల్ని కుట్టిన దోమ మీ ప్రాంగణంలోనే, బహుశా మీ ఇంటిలోనే పుట్టి ఉంటుంది. "మాది పన్నెండవ అంతస్తు, దోమలు అంత ఎత్తుకు రావు" అనేవారున్నారు. రానక్కరలేదు! మీ బాల్కనీలోని పూలకుండీ కింది పళ్లెమే దానికి పురిటిగది.

మలేరియా క్రిమిని దోమ పొట్టలో రొనాల్డ్ రాస్ కనుగొన్నది 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాదులోనే. దోమలు పుట్టే నీటిని తొలగించమని ఆయన ఆ కాలంలోనే ప్రబోధించారు. మలేరియా దోమ వేరు, డెంగీ దోమ వేరు; సూత్రం మాత్రం ఒక్కటే. ఆ మాట ఇంకా మన నోటీసు బోర్డులకు ఎక్కలేదు.

మూడవది భ్రమ కాదు, దాపరికం. సముదాయంలో ఎవరికైనా డెంగీ సోకితే, ఫ్లాట్ల ధర పడిపోతుందనో, అద్దెకు ఎవరూ రారనో ఆ సంగతి బయటకు పొక్కనివ్వరు. ఇది అన్యాయం. జ్వరం ఉన్న రోజుల్లో రోగిని కుట్టిన దోమ, సుమారు ఎనిమిది నుండి పన్నెండు రోజులలో ఇతరులకు వ్యాధిని అంటించే స్థితికి చేరుకుంటుంది. చుట్టుపక్కలవారు జాగ్రత్తపడవలసిన గడువు అదే. రోగి పేరు, ఫ్లాటు నంబరు బోర్డు మీద వేయనక్కరలేదు, వేయకూడదు కూడా. "ఈ బ్లాకులో డెంగీ కేసు గుర్తించబడినది" అన్న ఒక్క వాక్యం చాలును. ఆ వాక్యం అందరికంటే ముందు చేరవలసినది సెల్లారు గదిలో నివసించే వాచ్‌మన్ కుటుంబానికి. చాలా చోట్ల అన్ని గుంతల నీటికీ దగ్గరగా ఉండేది వారే. వాట్సాప్ గ్రూపులో లేనిదీ వారే.

మరి బోర్డు మీద ఉండవలసిన నోటీసు ఏది? నా మటుకు ఇలా వ్రాస్తాను:

1. ప్రతి శుక్రవారం పొడి దినం. గుడ్డు దోమగా మారడానికి ఏడు నుండి పది రోజులు పడుతుంది కనుక వారానికొకసారి తప్పనిసరి.

2. కుండీల కింది పళ్లెములు, ఫ్రిజ్ వెనుక ట్రే, కూలర్లు, మనీప్లాంట్ సీసాలు ఖాళీ చేసి, లోపలి అంచులను పీచుతో రుద్ది కడగవలెను. గుడ్లు అంచులకు అంటుకొని, నీరు లేకున్నా నెలల తరబడి బ్రతుకుతాయి. పారబోసినంత మాత్రాన చాలదు.

3. సంపులకు, ఓవర్‌హెడ్ ట్యాంకులకు సందు లేని మూతలు. లిఫ్టు గుంతలో, సెల్లారులో నిలిచిన నీటిని తోడివేయుట. ఖాళీ చేయలేని ఫౌంటెన్లలో గంబూషియా చేపలు. ఇది కమిటీ బాధ్యత.

4. తాళం వేసి ఉన్న ఫ్లాట్లలో కమోడ్లు, ఫ్లష్ ట్యాంకులు, బాల్కనీలు తనిఖీ చేయవలెను. యజమానులు అమెరికాలో ఉన్నా, తాళం చెవి ఇక్కడ ఒకరి వద్ద ఉండవలెను.

5. జ్వరం వచ్చినవారు పగటిపూట కూడా దోమతెరలో ఉండవలెను. జ్వరానికి పారాసిటమాల్ మాత్రమే, తగిన మోతాదులో. ఆస్పిరిన్, ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్ రక్తస్రావాన్ని పెంచవచ్చును.

6. జ్వరం తగ్గగానే గండం గడిచినదనుకోరాదు. అసలు ప్రమాదం అప్పుడే మొదలుకావచ్చును. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుండి గాని ముక్కు నుండి గాని రక్తం, మగత, అశాంతి కనిపిస్తే అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి వెళ్లవలెను.

ఈ నోటీసుకు డీజిల్ అక్కరలేదు, యంత్రం అక్కరలేదు. అందుకే కాబోలు దీనికి ఆదరణ లేదు. పొగ అందరికీ కనిపిస్తుంది, ఫొటోకు బాగుంటుంది; బోర్లించిన పళ్లెం ఎవరికీ కనిపించదు. కానీ పిల్లవాడిని ఐసీయూ దాకా పోకుండా ఆపగలిగేది ఆ పళ్లెమే. ఈసారి మీ సమావేశంలో ఫాగింగ్ ఖర్చు చర్చకు వచ్చినప్పుడు, పాఠకులు ఒక్క ప్రశ్న అడగండి: "ఈ వారం మన లిఫ్టు గుంతలోకి ఎవరైనా తొంగి చూశారా?"